రాధామనోహరం తీగ: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు, ఎటు పోయినా కొత్త ఇంటి గేటు మీద ఇనుప ఆర్చి కనిపిస్తే దాని మీద రెండే రెండు తీగలు ఉంటాయి. ఒకటి కాగితప్పూలు, ఇంకోటి రాధామనోహరం. మొదటిదాని గురించి అందరికీ తెలుసు. రెండోదాని గురించి నన్ను అడిగినన్ని ప్రశ్నలు ఇంకే మొక్క గురించీ అడగలేదు. అందులో సగం "పూలు ఎందుకు రావట్లేదు", మిగతా సగం "ఒకే గుత్తిలో మూడు రంగులేంది". రెండింటికీ జవాబు ఈ తీగ ఒంటి తీరులోనే ఉంది. అందుకే మొక్క ఎలా ఉంటుందో ముందు చెప్పి, పెంపకం సంగతి తర్వాత చెప్తున్నా.

మధుమాలతి, రంగూన్ మల్లె, రాధామనోహరం... ఇవన్నీ ఒకటేనా?

ఒకటే. నర్సరీవాళ్లు ఏ ఊరి నుంచి మొక్కలు దింపుకుంటే ఆ ఊరి పేరుతో అమ్ముతారు. శాస్త్రీయ నామం కూడా రెండు రకాలుగా కనిపిస్తుంది. 1762లో లిన్నేయస్ పెట్టింది క్విస్‌క్వాలిస్ ఇండికా. ఆ తర్వాత దీన్ని కాంబ్రెటం ప్రజాతిలో కలిపేశారు కాబట్టి ఇప్పుడు సరైన పేరు కాంబ్రెటం ఇండికం. పాత పాఠ్యపుస్తకాల్లో, నర్సరీ బోర్డుల మీద మొదటి పేరే ఉంటుంది, కంగారు పడొద్దు.

మల్లె అంటున్నారు, మరి మల్లె కుటుంబమేనా?

కాదు. వాసన, తెల్లటి పువ్వు చూసి అన్న మాట అది. మల్లె, జాజి ఒలియేసీ కుటుంబం. రాధామనోహరం కాంబ్రెటేసీ. అంటే దీని చుట్టాలు మన అడవి చెట్లు: నల్లమద్ది, తెల్లమద్ది, కరక్కాయ, తాని, చిరుమాను. పెరట్లో పెంచే బాదం చెట్టు కూడా. శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటి అమ్రాబాద్ అడవిలోకి పోతే ఈ కుటుంబం చెట్లు రోడ్డుకి రెండు పక్కలా కనిపిస్తాయి. నమ్మకం కుదరకపోతే నల్లమద్ది కాయ ఒకటి ఏరుకొచ్చి చూడండి, దానికి నిలువునా అయిదు రెక్కలు ఉంటాయి. రాధామనోహరం కాయకీ అయిదు అంచులే. సైజు, ఆకారం వేరు గానీ లెక్క అదే.

ఇంకాస్త దూరం పోతే జామ, నేరేడు, దానిమ్మ, గోరింట కూడా ఇదే క్రమం (మర్టేలిస్) కిందికి వస్తాయి. వీటన్నిటి కాండంలో ఒక వింత ఉంది. మామూలుగా ఆహారం మోసే పోషక కణజాలం బెరడు వైపే ఉంటుంది, వీటికి లోపల దూట వైపు కూడా ఉంటుంది. ఇంటర్ బైపీసీ పిల్లలు మైక్రోస్కోపు కింద అడ్డుకోత పెట్టి చూస్తే బాగా తెలుస్తుంది.

ఇది బీర, కాకర లాంటి తీగనా, లేక చెట్టు లాంటిదా?

మధ్యరకం. బీర, కాకర తీగలు ఒక్క కారుకి పండి ఎండిపోతాయి, కాండం మెత్తగా ఉంటుంది. రాధామనోహరం ఏళ్లకేళ్లు బతుకుతుంది, కాండం ఏటా లావెక్కి కర్రగా మారుతుంది. వృక్షశాస్త్రంలో ఇలాంటివాటిని లయానా అంటారు. వేరు నేలలో ఉంటుంది, కాండం చెక్కబారుతుంది, కానీ సొంతంగా నిటారుగా నిలబడే బలం ఉండదు, పక్కవాటి మీద వాలి వెలుతురు దాకా ఎక్కుతుంది. ఇంటి దగ్గర ఆసరా ఉంటే 6 నుంచి 8 మీటర్ల దాకా పోవడం మామూలే, అడవిలో పెద్ద చెట్టు దొరికితే ఇంకా పైకి పోతుంది. అంటే రెండంతస్తుల ఇల్లు దీనికి లెక్కలోది కాదు.

దీని సొంత ఊరు ఉష్ణమండల ఆసియా, మన దేశం నుంచి బర్మా, దక్షిణ చైనా, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా దాకా. తోటల వల్ల ఇప్పుడు ప్రపంచంలో వేడి ఉన్న ప్రతి చోటా ఉంది.

నాటి ఆరు నెలలైంది, తీగ సాగట్లేదు, పొదలాగా గుబురుగా ఉంది. నర్సరీవాడు వేరే మొక్క అంటగట్టాడా?

ఈ ప్రశ్న వానకాలం నాటినవాళ్లు సంక్రాంతి టైమ్‌కి తప్పకుండా అడుగుతారు. మోసమేం లేదు. ఈ మొక్క పెరగడమే రెండు దశల్లో పెరుగుతుంది. మొదట్లో నిలువుగా, చిన్న చిన్న కొమ్మలతో, ఏ ఆసరా వెతక్కుండా మామూలు పొదలాగే ఉంటుంది. వేర్లు కుదురుకున్నాక ఒక రోజు మొదలు నుంచి వేరే రకం కొమ్మ పుడుతుంది. కణుపుకీ కణుపుకీ మధ్య దూరం ఎక్కువ, పక్క కొమ్మలు ఉండవు, సన్నగా పొడుగ్గా బాణంలా దూసుకుపోతుంది. అదే అసలు తీగ. 17వ శతాబ్దంలో ఇండోనేషియాలోని అంబోన్ దీవిలో ఉండి మొక్కల గురించి రాసిన రుంఫియస్ అనే ఆయన కూడా ఈ మారే తీరు చూసే ఆశ్చర్యపోయాడు.

ఆ పొడుగు కొమ్మ కనిపించగానే చాలామంది "షేప్ చెడిపోతుంది" అని కత్తిరిస్తారు. అలా చేస్తే ఇంకో ఏడాది పొదే చూసుకుంటూ కూర్చోవాలి. దాన్ని వదిలేసి ఆర్చికి కట్టండి.

నులితీగలు లేవు, గోడకి అతుక్కునే వేర్లు లేవు. మరి ఎట్లా ఎక్కుతుంది?

ముళ్లతో. ఈ తీగలో నాకు అన్నిటికంటే నచ్చే సంగతి ఇదే, చాలామంది గమనించనిదీ ఇదే.

ఒక ఏడాది వయసున్న కాండం పట్టుకుని జాగ్రత్తగా వేలితో తడమండి. ప్రతి కణుపు దగ్గర ఎదురెదురుగా రెండు మొద్దు ముళ్లు తగులుతాయి. అవి విడిగా పుట్టిన ముళ్లు కావు, పాత ఆకుల కాడలు. ఆకు పండి రాలేటప్పుడు మిగతా మొక్కల్లాగా కాడతో సహా ఊడిపోదు, కాడ మధ్యలో విరిగి పైన ఉన్న ఆకు మాత్రమే పడిపోతుంది. మిగిలిన మొదలు భాగం అక్కడే ఉండి, గట్టిపడి, కొద్దిగా వంగి కొక్కెంలా తయారవుతుంది. కొత్త కొమ్మ గాలికి ఊగి పక్క కొమ్మ మీదో, జీఐ వైరు మీదో పడ్డప్పుడు కిందికి జారకుండా పట్టుకునేది అదే. ఆకులు జంటలుగా ఎదురెదురుగా వస్తాయి కాబట్టి (అభిముఖ పత్రవిన్యాసం) కొక్కేలు కూడా జంటలుగానే ఉంటాయి. అక్కడక్కడా ఒక కణుపు దగ్గర మూడు ఆకులు కూడా కనిపించొచ్చు.

కాగితప్పూల ముల్లు వేరు. అది ఆకు మొదట్లో, గ్రీవంలో ఉండే చిన్న కొమ్మ మారి ముల్లు అయింది, అందుకే అది సూదిలా గుచ్చుకుంటుంది. రాధామనోహరం ముల్లు మొద్దుగా ఉంటుంది, గుచ్చదు గానీ చీర కొంగు, చున్నీ పట్టి లాగుతుంది. నడిచే దారి పక్కన పెట్టేవాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఇంకో మాట. నున్నగా సిమెంటు చేసిన గోడ మీద ఇది తనంతట తాను ఎక్కదు. పట్టుకోవడానికి అడ్డం ఏదో ఒకటి ఉండాలి: వైరు, మెష్, వెదురు, ఏదైనా.

ఆకులు చూసి గుర్తుపట్టాలంటే?

పొడుగు 7 నుంచి 15 సెంటీమీటర్లు, కోలగా ఉండి కొన సన్నగా సాగుతుంది. మొదలు గుండ్రంగా, ఒక్కోసారి కొద్దిగా హృదయాకారంలో ఉంటుంది. అంచులు నున్నగా, రంపపు పళ్లు లేకుండా. లేత కొమ్మల మీద, లేత ఆకుల మీద గోధుమ రంగు నూగు ఉంటుంది, ముదిరాక రాలిపోతుంది. పూలు లేకపోతే ఆకును మాత్రమే చూసి చెప్పడం కష్టమే, అప్పుడు పైన చెప్పిన కాడ ముల్లు చూడండి.

ఒకే గుత్తిలో తెలుపు, గులాబీ, ఎరుపు... ఇవి మూడు రకాల పూలా?

ఒకే రకం, వయసు తేడా అంతే. సాయంత్రం చీకటి పడే వేళకి మొగ్గ విచ్చుకుంటుంది, అప్పుడు తెల్లగా ఉంటుంది. మర్నాటికి గులాబీ, మూడో రోజుకి ముదురు ఎరుపు. గుత్తిలో అన్ని మొగ్గలూ ఒకేసారి విచ్చుకోవు, మొదలు దగ్గరివి ముందు, కొన దగ్గరివి వెనక. అందుకే ఎప్పుడు చూసినా మూడు రంగులూ కలిసి కనిపిస్తాయి.

చూడాలంటే సులువు. సాయంత్రం ఏడు గంటలకి అప్పుడే విచ్చుకున్న తెల్ల పువ్వు ఒకదానికి దారం కట్టి వదిలేయండి, మూడు రోజులు పొద్దునా సాయంత్రం చూస్తే చాలు. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లకి ఆ పని అప్పజెప్పండి.

రంగు ఎట్లా మారుతుందంటే, పువ్వు విచ్చుకున్న తర్వాత రెక్కల కణాల్లో ఆంథోసయనిన్లు అనే ఎర్ర వర్ణకాలు తయారవుతూ పోతాయి. నేల స్వభావానికీ దీనికీ సంబంధం లేదు. "మా చల్క నేలలో ఎరుపు ఎక్కువ, వాళ్ల రేగడిలో తెలుపు ఎక్కువ" అనేది ఉత్త మాట. ఎరుపైన పువ్వు మళ్లీ తెల్లగా కాదు.

రంగు మార్చుకుంటే మొక్కకి ఏం లాభం?

ఇక్కడే అసలు కథ ఉంది. తెల్ల పువ్వు చీకట్లో కనిపిస్తుంది, దానికి తోడు రాత్రిపూట తియ్యటి వాసన. ఈ రెండూ ఎవరి కోసమంటే హాక్ మాత్ అనే లావుపాటి చిమ్మటల కోసం. అవి పువ్వు మీద వాలవు, ముందు గాలిలోనే నిలబడి, చుట్టి పెట్టుకున్న పొడుగాటి నోటి గొట్టాన్ని పూగొట్టంలోకి దింపి అడుగున ఉన్న తేనె తాగుతాయి. మీ నందివర్ధనం, గన్నేరు ఆకుల్ని రాత్రికి రాత్రే తినేసే తోక ముల్లున్న లావు ఆకుపచ్చ పురుగు ఉంటుంది చూడండి, దాన్ని చంపకుండా వదిలేస్తే పెద్దయ్యాక అయ్యేది ఈ జాతి చిమ్మటే.

మొదటి రాత్రి పువ్వు దాదాపు అడ్డంగా, ముఖం బయటికి పెట్టి ఉంటుంది, గాలిలో నిలబడి తాగేవాటికి అదే వీలు. తర్వాత రోజుల్లో రంగు ఎక్కుతున్నకొద్దీ పువ్వు కిందికి వాలుతుంది. పగలు తేనెటీగలు, సీతాకోకచిలుకలు, తేనెపిట్టలు వస్తాయి. ఈ రెండు మార్పులు, అంటే రంగూ వాలడమూ, రాత్రి వచ్చేవాళ్లకీ పగలు వచ్చేవాళ్లకీ పువ్వుల్ని పంచడానికి పనికొస్తాయని 1987లో వచ్చిన ఒక పరిశోధనలో రాశారు. పాత పూలు వెంటనే రాలిపోకుండా ఎర్రగా వేలాడుతూ ఉండటం వల్ల గుత్తి దూరం నుంచే కనిపిస్తుంది, అది ఇంకో లాభం.

పగలు వాసన రావట్లేదు, మొక్కలో ఏమన్నా లోపమా?

లేదు. పైన చెప్పిందే, వాసన రాత్రి డ్యూటీ. అన్నం తిన్నాక బయటికొచ్చి కుర్చీ వేసుకుని కూర్చోండి, తెలుస్తుంది. అందుకే ఈ తీగని ఎవరూ కూర్చోని గేటు మీదికన్నా పడకగది కిటికీ పక్కనో, మేడ మెట్ల పక్కనో పెట్టుకోవడం తెలివైన పని అని నా అభిప్రాయం.

పువ్వు భాగాలు కొంచెం వివరంగా చెప్తారా? ప్రాక్టికల్స్‌కి కావాలి.

పువ్వు కింద సన్నగా పొడుగ్గా ఆకుపచ్చగా ఉండేదాన్ని అందరూ కాడ అనుకుంటారు. అది కాడ కాదు, పువ్వులో భాగమే. 5 నుంచి 8 సెంటీమీటర్ల గొట్టం అది, పైన సన్నటి నూగు ఉంటుంది. దాని అట్టడుగున కొద్దిగా ఉబ్బెత్తుగా కనిపించే చోట అండాశయం ఉంటుంది. మిగతా భాగాలన్నీ అండాశయానికి పైన ఉంటాయి కాబట్టి దీన్ని నిమ్న అండాశయం అంటారు. కాంబ్రెటేసీలో దాదాపు అన్నీ అంతే.

గొట్టం పై అంచున అయిదు చిన్న ఆకుపచ్చ పళ్లు, అవి రక్షక పత్రాలు. వాటి మధ్య నుంచి అయిదు ఆకర్షణ పత్రాలు, ఒక్కోటి 1 నుంచి 2 సెంటీమీటర్లు. మొగ్గగా ఉన్నప్పుడు వాటి వెనకవైపు గులాబీ ఛాయ ఉంటుంది, తెల్లదనం లోపలివైపే. కేసరాలు పది, రెండు వరుసల్లో: అయిదు గొట్టం నోటి దగ్గర, అయిదు దానికన్నా కొంచెం లోపల. బ్లేడుతో గొట్టాన్ని నిలువునా చీల్చండి, సన్నటి దారంలాంటి కీలం (అండాశయం నుంచి పైకి వచ్చే కాడ) కనిపిస్తుంది. అది గొట్టం గోడకి చాలా దూరం అతుక్కునే ఉంటుంది, లాగితే ఊడి రాదు, తెగుతుంది. అండాశయంలో ఒకటే గది, అందులో పై నుంచి వేలాడే రెండు మూడు అండాలు, కానీ కాయలో మిగిలేది ఒక్క గింజే.

ఈ పొడుగు గొట్టం వల్లే ఆడపిల్లలు దారం లేకుండా ఈ పూలని జడలా అల్లుతారు.

ముద్ద రాధామనోహరం అని అమ్ముతున్నారు, మంచిదా?

అందంగా ఉంటుంది, కాదనను. రెక్కలు ఎక్కువ వరసలు, గుత్తి బరువుగా వేలాడుతుంది, పూత కూడా బాగుంటుంది. కానీ చిమ్మటలకి, తేనెపిట్టలకి పనికొచ్చేది ఒంటిరెక్క పువ్వే. మామూలుది ఉన్న ఇంటి ముందు రాత్రిళ్లు జరిగే సందడి ముద్దరకం దగ్గర ఉండదు. నన్నడిగితే ఒంటిరెక్కదే.

మా తీగకి పదేళ్లు, ఒక్క కాయ కూడా రాలేదు. ఎందుకు?

మన తోటల్లో కాయ పట్టడం తక్కువే. ఇళ్లలో ఉన్నవి ఎక్కువగా పిలకలు, అంట్ల ద్వారా ఒకదాని నుంచి ఒకటి చేసుకున్నవి కావడం ఒక కారణం, పుప్పొడి మోసే చిమ్మటలు టౌన్లో తగ్గడం ఇంకో కారణం. కాయ పడితే మాత్రం గుర్తుపట్టడం తేలిక: దాదాపు 3 సెంటీమీటర్లు, రెండు వైపులా మొనదేలి, నిలువునా అయిదు పదునైన అంచులతో ఉంటుంది, ఎండితే నల్లగా గట్టిగా అవుతుంది.

ఆ గింజలు పొట్టలో పురుగులకి మందంట కదా?

చైనా సంప్రదాయ వైద్యంలో పిల్లల కడుపులో ఏలికపాములకి శతాబ్దాలుగా వాడుతున్నారు, నిజమే. అయితే ఆ పని చేసే క్విస్‌క్వాలిక్ ఆమ్లం నాడీకణాల మీద పనిచేసే పదార్థం. మెదడులో గ్లుటమేట్ అనే రసాయనం చేసే పనిని అది అనుకరిస్తుంది, నాడీశాస్త్రం ప్రయోగశాలల్లో దీన్ని చాలా వాడారు కూడా. గింజలు ఎక్కువైతే ఎక్కిళ్లు, వాంతులు, తల తిరగడం. ఇప్పుడు పీహెచ్‌సీలో నులిపురుగుల మాత్ర ఊరికే ఇస్తున్నారు, అది వేయించండి. గింజలు పిల్లలకి అందనీయకండి.

మాధవీలత, కాడమల్లి కూడా ఇదేనా?

కాదు, రెండూ వేరు. మాధవీలత (హిప్టేజ్) కూడా చెక్కబారే పెద్ద తీగే, కానీ పువ్వు రెక్కల అంచులు కుచ్చులా చీలి ఉంటాయి, ఒక రెక్క మీద పసుపు మచ్చ ఉంటుంది, కాయకి మూడు రెక్కలు. మన దేశపు మొక్క, ఇక్కడ సాధువే గానీ మారిషస్, రియూనియన్ దీవులకి పోయి అక్కడి అడవుల్ని కప్పేసింది. కాడమల్లి తీగ కాదు, పెద్ద చెట్టు, తెల్లటి పొడుగు గొట్టం పూలు పొద్దునకల్లా రాలిపోతాయి, రంగు మారవు.

మన ఎండలకి తట్టుకుంటుందా?

తట్టుకుంటుంది. నల్లగొండలో 44, 45 డిగ్రీలు కొట్టే మే నెలలో కూడా వేరు దగ్గర చెమ్మ ఉంటే ఈ తీగ చావదు. మధ్యాహ్నం ఆకులు వాడినట్టు వేలాడినా సాయంత్రానికి లేస్తాయి. మొదటి ఎండకాలం మాత్రం జాగ్రత్త. రోజూ చెంబెడు కన్నా వారానికి రెండుసార్లు పాదు నిండా పెట్టడం మంచిది, వేరు లోతుకి పోతుంది. పాదులో ఎండు గడ్డో, వేరుశనగ పొట్టో పరిస్తే ఇంకా మేలు.

నేల సంగతికొస్తే ఎర్ర చల్క నేల దీనికి బాగా నప్పుతుంది. నల్లరేగడిలో కూడా పెరుగుతుంది కానీ వానకాలం నీళ్లు నిలవకూడదు. అసలు ఇబ్బంది బోరు నీళ్లది. మన దగ్గర చాలా చోట్ల నీళ్లు ఉప్పగా, చౌడుగా ఉంటాయి. అలాంటి నీళ్లు పోస్తూ పోతే ఆకు అంచులు మాడతాయి, కొత్త ఆకులు పసుపు పచ్చగా వచ్చి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటాయి. రెండోది ఇనుము అందకపోవడం. నేలలో ఇనుము ఉన్నా చౌడు వల్ల వేరు తీసుకోలేదు. మాగిన పశువుల ఎరువు బాగా వేసి, వాన నీళ్లు దొరికినప్పుడు పాదు తడిసి కిందికి దిగిపోయేలా పారించండి, ఉప్పు అడుక్కి పోతుంది.

చలికాలంలో ఆకులన్నీ రాలిపోయాయి, ఎండిపోయిందా?

గోరుతో కాండం మీద గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. ఇది ఎప్పుడూ నిండుగా పచ్చగా ఉండే మొక్క కాదు, చలి, నీటి కొరత వచ్చినప్పుడు ఆకు రాల్చుకుని విశ్రాంతి తీసుకుంటుంది. ఆ టైమ్‌లో టెన్షన్ పడి నీళ్లు ఎక్కువ పోస్తే వేరు కుళ్లుతుంది.

పూలు రావట్లేదు. ఏం చేయాలి?

మూడు కారణాల్లో ఏదో ఒకటి ఉంటుంది.

ఒకటి, నీడ. రోజుకి అయిదారు గంటల నేరుటెండ లేకపోతే ఆకులే. రెండు, యూరియా. పక్కనున్న వరి పొలానికి తెచ్చిన బస్తాలోంచి పిడికెడు తీసి వేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, నత్రజని ఎక్కువైతే తీగ ఏపుగా సాగుతుంది, పూలు మర్చిపోతుంది.

మూడోది కత్తిరింపు, అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. ఈ తీగ పూసేది ఆ ఏడు వచ్చిన కొత్త కొమ్మల చివర్లలో, పాత కర్ర మీద కాదు. అసలు కత్తిరించకపోతే కొత్త కొమ్మలన్నీ పై కొసకి చేరి, పూలు పక్కింటి మేడ మీద పూస్తాయి, మీకు కింద కనిపించేది కట్టెలే. ఏప్రిల్, మే నెలల్లో చిగురు వచ్చాక కత్తిరిస్తే ఆ సీజన్ పూత మొత్తం పోయినట్టే. జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో, ఆకు రాలి తీగ ఒళ్లు బయటపడ్డప్పుడు కోయాలి. అల్లుకుపోయిన సన్న పుల్లలన్నీ తీసేసి, లావు కాండాలు నాలుగైదు ఉంచి, వాటిని ఆర్చికో పందిరికో విడివిడిగా కట్టండి. వేసవిలో మొదలై వానకాలమంతా పూస్తుంది. చేతికి గ్లౌజులు వేసుకోండి, కాడ ముళ్లు ఉన్నాయి కదా.

వాసనకి పాములు వస్తాయంటున్నారు, మా అత్తమ్మ తీసేయమంటోంది.

అత్తమ్మకి ఇలా చెప్పండి: పాము పూల వాసనకి రాదు, ఎలుకలకి, బల్లులకి, పిట్టగూళ్లలోని గుడ్లకి వస్తుంది. కత్తిరించకుండా గుబురుగా వదిలేసిన తీగ కింద ఎండుటాకులు పేరుకుని, ఎలుకలు చేరితే పాము రావచ్చు, అది గోరింట పొద అయినా అంతే. కింద రెండు మూడు అడుగుల వరకు ఆకులు, పుల్లలు లేకుండా శుభ్రంగా ఉంచితే చాలు. అయినా ఆమె ఒప్పుకోకపోతే తీగని గుమ్మానికి దూరంగా ప్రహరీ మూలకి మార్చండి, ఇంట్లో గొడవ కన్నా అది నయం.

వేర్లు గోడని పగలగొడతాయా? ఆసరా ఎట్లాంటిది కావాలి?

మర్రి, రావిలాగా గోడల్లోకి దూరి చీల్చే వేర్లు కావు. కానీ వేర్ల నుంచి పిలకలు బాగా లేస్తాయి, పాదుకి నాలుగైదు అడుగుల దూరంలో కూడా. టైల్స్ సందుల్లోంచి, తులసికోట పక్క నుంచి లేచినప్పుడు విసుగు పుడుతుంది. గోడకి కనీసం రెండడుగుల దూరంలో నాటండి.

ఆసరా మాత్రం గట్టిదే కావాలి. నాలుగేళ్ల తీగ వానకి తడిస్తే బరువు మామూలుగా ఉండదు, రేకుల షెడ్డు మీదికి ఎక్కిస్తే రేకు కూర్చుంటుంది. మన దగ్గర రాతి కడీలు దొరుకుతాయి, ద్రాక్ష తోటలకి పాతినట్టు రెండు పాతి పైన జీఐ పైపు బిగిస్తే మళ్లీ చూసుకోనక్కర్లేదు. కరెంటు తీగల వైపు మాత్రం వద్దు.

కుండీలో పెంచొచ్చా?

పెంచొచ్చు, సగానికి కోసిన ప్లాస్టిక్ డ్రమ్ము సైజు ఉంటేనే. చిన్న కుండీలో మొదటి పొద దశ దాటడానికే తంటాలు పడుతుంది.

కొత్త మొక్క ఎట్లా చేసుకోవాలి?

పిలక తవ్వుకోవడం అన్నిటికన్నా సులువు. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడ్డాక, తల్లి మొక్కకి కాస్త దూరంగా లేచిన పిలకని వేరుతో సహా తీసి నాటితే బతుకుతుంది. లేదంటే కిందికి వాలిన కొమ్మకి ఒక కణుపు దగ్గర బెరడు కొంచెం గీరి, మట్టిలో పూడ్చి పైన రాయి పెట్టండి. నేల అంటు అంటే ఇదే, వానకాలం అయ్యేసరికి వేరు పడుతుంది. పెన్సిల్ లావు కొమ్మ ముక్కలు కూడా నాటొచ్చు కానీ అన్నీ బతకవు, నాలుగైదు ఎక్కువ పెట్టుకోండి.

హెర్బేరియం (మొక్కల్ని నొక్కి ఎండబెట్టి షీటుకి అతికించి దాచేది) కోసం ఎప్పుడు, ఏ భాగం కోయాలి?

డిగ్రీ పిల్లలు ప్రతి సంవత్సరం ఎర్ర పూల గుత్తి ఒకటి కోసి, రెండాకులు పెట్టి అతికించి తీసుకొస్తారు. దాంతో మొక్క సగమే తెలుస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో సాయంత్రం ఏడు దాటాక వెళ్లి మూడు రంగులూ ఉన్న గుత్తి కోయండి. కొమ్మ కనీసం రెండు కణుపులు ఉండేలా, ఎదురెదురు ఆకులు కనిపించేలా ఉండాలి. దాంతోపాటు కాడ ముళ్లున్న పాత కాండం ముక్క వేరుగా ఒకటి. ఒక పువ్వు గొట్టాన్ని నిలువునా చీల్చి విప్పి పెట్టండి, కేసరాల రెండు వరుసలు కనిపిస్తాయి. ఎండితే తెలుపు గోధుమ రంగుకి, ఎరుపు నల్లగా మారిపోతాయి కాబట్టి ఏ పువ్వు ఏ రంగులో ఉందో, ఎన్ని గంటలకి కోశారో అక్కడికక్కడే లేబుల్ మీద రాసుకోండి. కాయ దొరికితే ప్రెస్‌లో నొక్కొద్దు, అంచులు విరుగుతాయి, చిన్న కాగితం కవరులో వేసి షీటుకి అతికించండి.